విశాఖ ఎండాడలో ఫ్లాట్ కొని స్టూడెంట్స్‌కి అద్దెకిస్తే గిట్టుబాటవుతుందా?

సింహాచలం_సంపెంగ
నాకు 54. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది. గోపాలపట్నంలో సొంతిల్లు, అప్పుల్లేవు. చేతిలో 40 లక్షల దాకా ఉంది. మొన్న ఆదివారం ఒక బ్రోకరు ఎండాడలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూపించాడు. 1,150 చదరపు అడుగులు, మూడో అంతస్తు, కట్టి పదేళ్లు. 62 లక్షలు చెబుతున్నారు. గీతం యూనివర్సిటీ గేటుకి బండి మీద పది నిమిషాలు.

బ్రోకరు లెక్క ఇదీ: గదికి ఇద్దరు చొప్పున నలుగురు కుర్రాళ్లు, తలకి 7,000, నెలకి 28,000. ఫ్యామిలీకిస్తే 18 వేలు దాటదట. తక్కువైన 22 లక్షలకి పదేళ్ల లోను తీసుకుంటే ఈఎంఐ 27,300. "మీ జేబులోంచి రూపాయి కదలదు మాస్టారూ, పిల్లలే కట్టేస్తారు" అని ఫోన్లో కాలిక్యులేటర్ తీసి మరీ చూపించాడు.

మా ఆవిడేమో "హాయిగా బ్యాంకులో వేసుకోక, ఈ వయసులో హాస్టల్ వార్డెన్ ఉద్యోగం దేనికి" అంటోంది. ఇలా కొని అద్దెకిచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. శుక్రవారంలోగా టోకెన్ అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు.

ముంతమసాలా
శుక్రవారంలోగా అన్నాడంటే ఆ ఫ్లాట్ పోయినేడాది శుక్రవారం నుంచీ ఖాళీగా ఉందన్నమాట.

టైటానిక్_పాయింట్
మీ ఆవిడ గారు చెప్పేశారుగా. ఇంకా మమ్మల్ని అడుగుతారేంటి?

కార్‌షెడ్_జంక్షన్
చేసినవాణ్ని నేనున్నాను. 2019లో కొమ్మాదిలో కొన్నా. మొదటి ఏడు బ్రహ్మాండం. నలుగురు పిల్లలు, నెల మొదటి వారంలో డబ్బు పడిపోయేది. మా బావమరిదికి కూడా కొనుక్కోమని సలహా ఇచ్చాను, వాడు ఇప్పటికీ ఆ విషయం గుర్తుచేస్తూ ఉంటాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్. రెండు రోజుల్లో నలుగురూ బ్యాగులు సర్దుకుని ఊళ్లకెళ్లిపోయారు. మంచాలు, ఒక గిటారు, అరబస్తా బియ్యం వదిలేసి. క్లాసులు ఆన్‌లైన్. ఏప్రిల్ అద్దె అడిగితే వాళ్ల నాన్న ఒకాయన "ఉండని ఇంటికి అద్దేంటండీ" అన్నాడు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. 2021 చివరి దాకా దాదాపు ఖాళీయే. ఈఎంఐ మాత్రం ఆగలేదు. బియ్యం పురుగు పట్టి పారబోశాం, గిటారు మా అబ్బాయి వాయిస్తున్నాడు.

సరే, అలాంటిది మళ్లీ రాదనుకుందాం. మామూలు రోజుల్లోనూ ఒక గొడవుంది. మీ బ్రోకరు 12 నెలలు లెక్కేశాడు. పిల్లలకి ఏడాదంటే 10 నెలలే. ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు అవగానే ఖాళీ చేస్తారు. కొత్త బ్యాచ్ కౌన్సెలింగ్ అయ్యి ఊళ్లోకి దిగేసరికి ఆగస్టు. ఆ సీజన్లో టు-లెట్ బోర్డు పెట్టినవాడికి రెండు రోజుల్లో పోతుంది. సెప్టెంబరు దాటితే జూన్ దాకా ఈగలు తోలుకోవడమే. పైగా ఫస్టియర్ వాళ్లని చాలామంది తల్లిదండ్రులు హాస్టల్లోనే పెడతారు. బయట ఇల్లు వెతికేది రెండో ఏడు నుంచి.

నాలుగో ఏడు వాళ్లకి మాత్రం ఇవ్వకండి. జనవరి రాగానే ఇంటర్న్‌షిప్ అని హైదరాబాదో బెంగళూరో ఎక్కేస్తారు. మధ్యలో కొత్తవాళ్లు దొరకరు.

బ్యాచిలర్_నం_4
అన్నా, నాలుగో ఏడు వాళ్లం కూడా మనుషులమే.

కార్‌షెడ్_జంక్షన్
కాదన్నానా తమ్ముడూ. జనవరి దాకా మనుషులే అన్నాను.

ఆడిటర్_గారి_అబ్బాయి
సంపెంగ గారూ, లెక్క నేను వేస్తాను, కోపం తెచ్చుకోవద్దు.

62 లక్షలు ఫ్లాట్ ధర మాత్రమే. మన రాష్ట్రంలో స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం ఏడున్నర శాతం. అంటే 4,65,000. బ్రోకరుకి ఒక శాతం అనుకుంటే 62,000. స్టూడెంట్స్‌కి ఖాళీ ఇల్లు ఇస్తే తలకి 7,000 ఎవడూ ఇవ్వడు. నాలుగు మంచాలు, బీరువాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజర్, రంగులు అన్నీ కలిపి తక్కువలో తక్కువ రెండున్నర లక్షలు. అన్నీ కూడితే 70 లక్షలకి దగ్గర. మీ దగ్గరున్నది 40. కాబట్టి మీకు కావాల్సింది 22 కాదు, 30. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి పదేళ్లకి ఈఎంఐ 27,300 కాదు, 37,200. మీ సర్వీసు ఆరేళ్లే. ఆఖరి నాలుగేళ్లు పెన్షన్‌లోంచి కట్టాలి.

ఇప్పుడు రాబడి. కార్‌షెడ్ అన్న చెప్పినట్టు 10 నెలలకి 2,80,000. అందులో మెయింటెనెన్స్ నెలకి రెండున్నర వేలు, ఇల్లు ఖాళీగా ఉన్నా 12 నెలలూ కట్టాలి, 30,000. ఇంటి పన్ను ఓ 8,000. రిపేర్లకీ రంగులకీ ఓ 40,000. మిగిలేది 2,02,000. 70 లక్షల మీద మూడు శాతం కూడా లేదు. మొదటి ఏడు లోను వడ్డీయే రెండున్నర లక్షలకి దగ్గరగా ఉంటుంది. అంటే వచ్చిన అద్దె వడ్డీకే చాలదు, లోను అసలంతా మీ జీతంలోంచే కట్టాలి.

టైటానిక్_పాయింట్
వార్డెన్ ఉద్యోగం, అదీ ఎదురు జీతం ఇచ్చి.

సింహాచలం_సంపెంగ
ఆడిటర్ బాబూ, ఆ 30 లక్షల మాట చూసి రాత్రి నిద్ర పట్టలేదు. కానీ లోను వడ్డీకి ఇన్‌కమ్ టాక్స్‌లో మినహాయింపు వస్తుందంటారు కదా?

ఆడిటర్_గారి_అబ్బాయి
వస్తుంది, మీరనుకున్నంత కాదు. అద్దెలోంచి కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద లెక్కలోంచి తీసేస్తారు. మీరు నిజంగా ఎంత ఖర్చుపెట్టారన్నది అడగరు. ఆపైన లోను వడ్డీ తీసెయ్యొచ్చు. మీ కేసులో లెక్క మైనస్‌లోకి వెళ్తుంది. పాత పన్ను పద్ధతిలో ఉంటే ఆ నష్టాన్ని ఏడాదికి 2 లక్షల వరకు జీతంలో సర్దుకోవచ్చు. కొత్త పద్ధతిలో ఉంటే జీతంలో సర్దుకోవడం కుదరదు. మీరు ఏ పద్ధతిలో ఉన్నారో చూసుకోండి.

ఇంకోటి. 50 లక్షలు, ఆపైన పెట్టి కొంటే అమ్మేవాడికిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్, అంటే ఆయన తరఫు పన్ను, పట్టుకుని ప్రభుత్వానికి మీరే కట్టాలి. ఓనరు ఎన్నారై అయితే ఆ ఒక శాతం కుదరదు, ఎక్కువ పట్టాలి. మన ఊళ్లో సగం ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలో ఉంటారు కాబట్టి ముందే అడగండి. పట్టకపోతే నోటీసు మీకొస్తుంది, ఆయనకి కాదు.

డల్లాస్‌లో_డాబాగార్డెన్స్
ఆ సగంలో నేనొకణ్ని. అద్దె తీసుకునేటప్పుడూ ఇదే తలనొప్పి. ఓనరు ఎన్నారై అయితే అద్దెకున్నవాడు 30 శాతం పైచిలుకు టీడీఎస్ పట్టి కట్టాలి. సెకండియర్ కుర్రాడికి ఇది ఫోన్లో చెబితే "అంకుల్, అమ్మకిస్తాను మాట్లాడండి" అన్నాడు. వాళ్లమ్మగారు "ఇవన్నీ మాకొద్దు బాబూ" అని ఇంకో ఇల్లు చూసుకున్నారు. ఇప్పుడు ఫ్యామిలీకి ఇచ్చాను. ఏడాదికోసారి వచ్చి చూసుకుంటున్నాను, ఇల్లు ఇల్లులాగే ఉంది.

మద్దిలపాలెం_మామ్మ
అందరూ కలిసి ఆయన్ని భయపెట్టేస్తున్నారు. నేను 11 ఏళ్లుగా స్టూడెంట్స్‌కే ఇస్తున్నాను. చినవాల్తేరులో మావారు 1996లో కొన్న ఫ్లాట్. లిఫ్ట్ లేని మూడంతస్తుల బిల్డింగ్, మాది రెండోది. ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే అమ్మాయిలకి మాత్రమే ఇస్తాను. ముగ్గురుంటారు. మీ ఎండాడ రేట్లు రావు, ముగ్గురూ కలిపి 16,500 ఇస్తారు. కానీ ఒకసారి చేరితే నాలుగైదేళ్లు కదలరు. వేసవి సెలవులు అని వెళ్లిపోరు, వాళ్లకి ల్యాబ్ ఉంటుంది. ఒకమ్మాయి వెళ్లేటప్పుడు తనే జూనియర్‌ని తెచ్చి కూర్చోబెట్టి వెళ్తుంది. 11 ఏళ్లలో బోర్డు పెట్టింది ఒక్కసారి.

ఆ యూనివర్సిటీ 1926 నుంచీ ఉంది. నా తర్వాత కూడా ఉంటుంది. కొత్త కాలేజీల పక్కన రేట్లు ఎక్కువే, కాలేజీకో ఏడు సీట్లు నిండకపోతే ఆ వీధి వీధంతా బోర్డులే.

హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014 అక్టోబరు 12న, తూర్పు వైపు అద్దాలన్నీ పోయాయి. అప్పుడున్న పిల్లలు మంచం పరుపులు కిటికీలకి అడ్డుపెట్టి రాత్రంతా పట్టుకుని కూర్చున్నారు. సొంతింటివాళ్లు కూడా అలా చెయ్యరు.

ముంతమసాలా
మామ్మగారూ, 11 ఏళ్లుగా ఇస్తున్నారు, హుద్‌హుద్ వచ్చి అంతకన్నా ఎక్కువే అయింది కదా?

మద్దిలపాలెం_మామ్మ
లెక్కల మాస్టారివా? అమ్మాయిలకి ఇవ్వడం మొదలుపెట్టి 11. అంతకుముందు ఉన్నది అబ్బాయిలు. అద్దాలకి పరుపులు అడ్డుపెట్టింది కూడా వాళ్లే, అందుకే చెప్పాను.

సెక్రటరీ_సాబ్
మీరందరూ ఓనర్ల వైపు నుంచి మాట్లాడుతున్నారు. పక్క ఫ్లాటు వాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. ఎండాడ దగ్గరే 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి నేను సెక్రటరీని, జీతం లేదు, తిట్లున్నాయి. స్టూడెంట్స్ ఉన్నవి ఆరు ఫ్లాట్లు. ఫ్లాటుకి ఒక కార్ పార్కింగ్. ఆ ఆరింటి బళ్లు మొన్న లెక్కపెడితే 27. రాత్రి ఒంటిగంటకి బిర్యానీ డెలివరీ వాడు పొరపాటున మా బెల్ కొడతాడు. మూడో అంతస్తు మెట్ల మీద చెప్పులు చూస్తే లోపల పెళ్లి జరుగుతుందేమో అనుకుంటారు.

పిల్లలు చెడ్డవాళ్లని నేనెప్పుడూ అనను. మా అమ్మకి లిఫ్ట్ ఆగిపోయిన రోజు ఆక్సిజన్ సిలిండర్ నాలుగంతస్తులు మోసింది వాళ్లే. అసలు తగువు నీళ్ల దగ్గర. నలుగురుండే ఇంట్లో ఎనిమిది మంది స్నానం చేస్తారు, ఫ్రెండ్స్ అంటారు. వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తే ఆ ఖర్చు 40 ఇళ్లకీ సమానంగా పడుతుంది. ఇద్దరే ఉండే ముసలివాళ్లు మీటింగ్‌లో నా మీద పడతారు. ఓనరేమో ఫోనెత్తడు.

లాసన్స్_బే_గాలి
అందుకే బ్యాచిలర్స్ వద్దని తీర్మానాలు చేస్తారా సెక్రటరీ గారూ? ఓనరు తన ఇల్లు తనకిష్టమైనవాళ్లకి ఇచ్చుకుంటాడు, మధ్యలో మీరెవరు?

సెక్రటరీ_సాబ్
నేనెవరినీ కాదు. కోర్టుకెళ్తే మీరే గెలుస్తారేమో. గెలిచొచ్చాక ఆ లిఫ్ట్‌లోనే కదా పైకెళ్లాలి.

లాసన్స్_బే_గాలి
సరే. నా అనుభవం వేరే. నాకీ తలనొప్పులన్నీ వద్దని పీజీ హాస్టల్ నడిపే ఒకాయనకి ఫ్లాట్ మొత్తం ఇచ్చేశాను. ఆయనే పిల్లల్ని చూసుకుంటాడు, నాకు నెలకి 21,000 గంపగుత్త. ఆర్నెల్లు బాగానే ఇచ్చాడు. ఏడో నెల నుంచి "అన్నా ఒక వారం". పదో నెల వెళ్లి చూద్దును కదా, డబుల్ బెడ్‌రూమ్‌లో 11 మంది. హాల్లో ప్లైవుడ్ అడ్డంపెట్టి రెండు గదులు చేశాడు. బాల్కనీలో కూడా ఒక మంచం, పైన టార్పాలిన్. ఆ బాల్కనీ కుర్రాడు "ఇక్కడ సీ వ్యూ అంకుల్, 500 ఎక్స్‌ట్రా" అన్నాడు. వాడితో తగువేంటని నవ్వొచ్చింది గానీ, ఆయన్ని ఖాళీ చేయించడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. బాత్రూమ్ డ్రెయిన్ తవ్వితే వెంట్రుకలు, నూడుల్స్, ఒక టూత్‌బ్రష్, ఎవరిదో సిమ్ కార్డ్.

బ్యాచిలర్_నం_4
మా వైపు నుంచి కూడా వినండి. పోయినేడాది ఎండాడ, పీఎం పాలెం, రుషికొండ కలిపి 19 ఇళ్లు చూశాం. 12 చోట్ల బోర్డు మీదే ఫ్యామిలీస్ ఓన్లీ. ఒకాయన ఎగ్ తింటారా అనడిగాడు. ఒకావిడ మాకెవరికీ గర్ల్‌ఫ్రెండ్ లేదని మా అమ్మతో ఫోన్లో చెప్పించుకుంది, లేదన్న సంగతి అమ్మకి అప్పుడే తెలిసింది. ఆఖరికి ఇచ్చినాయన రెండు నెలల అడ్వాన్స్ తీసుకుని, ఖాళీ చేసేటప్పుడు మొత్తం రంగుల కింద కోసేశాడు. మేం దిగినప్పుడే గోడమీద పాత వాళ్ల క్రికెట్ బాల్ మచ్చలున్నాయి. ఫోటోలు తీసుకోకపోవడం మా తప్పే.

అసలు కరెంటు బిల్లుకి కొట్టుకునేదెవరు తెలుసా, మాలో మేమే. ఏసీ ఉన్న గది వాళ్లు సమానంగా కడదాం అంటారు.

కార్‌షెడ్_జంక్షన్
కరెంటు గురించి తమ్ముడు మంచి మాటన్నాడు. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుంది. అద్దెలో కరెంటు కలిపి మాట్లాడారో అయిపోయారే. నేను ఒక ఏడాది కలిపాను. ఏసీ వేసి తలుపు తీసి హాల్‌ని కూడా చల్లబరిచేవాళ్లు.

సముద్రపు గాలి కూడా లెక్కలో వేసుకోండి. రుషికొండ వైపు ఏసీ బయటి యూనిట్ రెండు మూడేళ్లకే తుప్పు పట్టి గ్యాస్ కారిపోతుంది. గ్రిల్ చెయ్యి పెడితే పొరలుపొరలుగా రాలుతుంది. స్లైడింగ్ కిటికీల చక్రాలు ఉప్పు పట్టి బిగుసుకుపోతాయి. పిల్లలు కాలితో తన్ని తెరుస్తారు. మీ ఆడిటర్ వేసిన 40 వేలు చాలవు.

విజయనగరం_ప్యాసింజర్
మీరంతా అద్దె దగ్గరే ఆగిపోయారేటండీ! ధర పెరగదా? గూగుల్ డేటా సెంటర్ వస్తోంది, భోగాపురం ఎయిర్‌పోర్టు అటే. 62 పెట్టింది ఐదేళ్లలో కోటి అవుతుంది. అద్దె అనేది ఆ పైన వచ్చే ముంత మసాలా మాత్రమే.

ముంతమసాలా
నన్ను ఇందులోకి లాగకండి.

ఆడిటర్_గారి_అబ్బాయి
ప్యాసింజర్ గారూ, పెరిగేది నేల ధర. ఫ్లాట్ పాతబడుతుంది. ఆ 1,150 అడుగులకి దస్తావేజులో భూమి వాటా ఎన్ని గజాలు రాశారో చూడకుండా కోటి అనొద్దు. కొత్త అపార్ట్‌మెంట్లలో 30, 40 గజాలే ఉంటుంది చాలాచోట్ల. మామ్మగారి మూడంతస్తుల బిల్డింగ్‌లో వాటా అంతకన్నా ఎక్కువే ఉండి ఉంటుంది. రేపు బిల్డరొచ్చి పడగొట్టి కడతానంటే బేరం ఆడగలిగేది ఆవిడే.

డేటా సెంటర్‌లో సర్వర్లుంటాయి. వాటికి డబుల్ బెడ్‌రూమ్ అక్కర్లేదు.

మద్దిలపాలెం_మామ్మ
64 గజాలు. బిల్డర్లు ఇప్పటికే రెండుసార్లు వచ్చారు. కాఫీ ఇచ్చి పంపించాను.

విజయనగరం_ప్యాసింజర్
డేటా సెంటర్ పక్కన మిగతావి రావా మరి? 2005లో మధురవాడలో గజం కొననన్నవాళ్లు ఇప్పుడేమంటున్నారో అడగండి. నేను చెప్పేది నేను చెప్పాను.

సెక్రటరీ_సాబ్
సంపెంగ గారూ, ఒక్క సలహా. ఆదివారం మధ్యాహ్నం బ్రోకరుతో వెళ్లి చూస్తే ప్రతి ఇల్లూ బాగుంటుంది. శనివారం రాత్రి పదింటికి ఆయన లేకుండా వెళ్లండి. వాచ్‌మన్‌తో మాట్లాడండి. పార్కింగ్ చూడండి. అసోసియేషన్ మినిట్స్ బుక్ చూపించమనండి.

ఇచ్చేటప్పుడు నలుగురి పేర్లూ ఒకే అగ్రిమెంట్‌లో ఉండాలి, ఎవరు వెళ్లిపోయినా మిగతావాళ్లు మొత్తం కట్టేలా. తల్లిదండ్రుల సంతకాలు, ఆధార్లు తీసుకోండి. మామూలుగా 11 నెలలకే రాస్తారు. దిగే రోజు అందరూ కలిసి గోడలన్నీ వీడియో తీసుకోండి. నం 4 కుర్రాడు చెప్పిన గొడవ ఉండదు.

బ్యాచిలర్_నం_4
సెక్రటరీ సార్, మీ అపార్ట్‌మెంట్‌లో ఏమైనా ఖాళీ ఉందా?

సెక్రటరీ_సాబ్
లేదు.

సింహాచలం_సంపెంగ
శుక్రవారం టోకెన్ ఇవ్వలేదు. నిన్న రాత్రి ఇద్దరం బండి మీద వెళ్లాం. హనుమంతవాక దాటేసరికే తొమ్మిదిన్నర. మా ఆవిడ రానంది గానీ, వాచ్‌మన్‌తో మాట్లాడాలి అనేసరికి ముందే చీర మార్చుకుని కూర్చుంది.

వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు, మా అత్తగారి ఊరికి నాలుగు మైళ్లు. అంతే, ఇద్దరూ అరగంట. నేను పార్కింగ్‌లో నిలబడి బళ్లు లెక్కపెట్టాను. తెలిసినవి చెబుతాను. ఆ ఫ్లాట్‌లో తలకి 7,000 ఎప్పుడూ ఎవరూ ఇవ్వలేదు. పోయిన బ్యాచ్ నలుగురూ కలిపి 22,000 ఇచ్చారు. మార్చి నుంచి ఖాళీ. మున్సిపల్ నీళ్లు పొద్దున్న ఒక్క గంట, మిగతాది బోరు, మే నెలలో వారానికి రెండు ట్యాంకర్లు. ఫ్యామిలీస్‌కి తప్ప ఇవ్వకూడదని జనవరిలో మీటింగ్‌లో రాసుకున్నారు. ఇక ఆ బ్రోకరు ఓనరుకి సొంత బావమరిది.

వాచ్‌మన్ పైకి తీసుకెళ్లి తలుపు తీశాడు. ఆదివారం నాకు కనబడనిది మా ఆవిడకి టార్చి లైట్‌లో కనబడింది. వంటింటి సింకు కింద గోడకి కొత్త రంగు ఒక్క చోటే వేసి ఉంది, గోరుతో గీకితే లోపల తడి.

వచ్చే దారిలో తను ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది. మామ్మగారూ, చినవాల్తేరు వైపు లిఫ్ట్ లేని పాత ఫ్లాట్లు 40లో ఏమైనా దొరుకుతాయా? లోను లేకుండా.

టైటానిక్_పాయింట్
ఇంకా మానలేదా మాస్టారూ!

మద్దిలపాలెం_మామ్మ
మా కింద అంతస్తు వాళ్లు అమ్ముదామనుకుంటున్నారు. 40కి రాదు, కానీ అడిగి చూస్తాను. వచ్చేటప్పుడు మీ ఆవిణ్ని తీసుకురండి, మీరు ఒక్కరే రావద్దు.

బ్యాచిలర్_నం_4
సంపెంగ సార్, ఆ ఎండాడ ఫ్లాట్ ఎలాగూ మీరు కొనట్లేదు కదా. మార్చి నుంచి ఖాళీ అంటే ఓనరు దిగొస్తాడు. 20 వేలకి ఇస్తారేమో ఆ వాచ్‌మన్‌ని కనుక్కుంటారా? మీటింగ్ సంగతి మేం చూసుకుంటాం. నలుగురం. జనవరి దాకా గ్యారంటీగా ఉంటాం.